ఈ వారం సమస్య: ఏమి లేని చోట నెల్ల గలదు

మోడరేటర్: పరమాణువు లోపలి శూన్యం గురించి చదువుతుంటే తట్టిన పాదం ఇది. అక్కడి క్వాంటమ్ చలనాల మీదే పూరించాలి. ఆత్మ, మాయ, పరబ్రహ్మం వస్తే పద్యం ఎంత బాగున్నా పక్కన పెడతాను.

గోదావరి గట్టు:

లేదు లేదు భేదలేశమ్ము సూత్రానఁ
గలదు కలదటంచుఁ గాంచె లాంబు
ఋణకణంబు వణఁకె, నెవ్వ రూఁపిరొ దాని?
ఏమి లేని చోట నెల్ల గలదు!

పద్యంలోని సూత్రం ఎలక్ట్రాన్ ప్రవర్తనని చెప్పే డిరాక్ సమీకరణం. దాని ప్రకారం హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌కి ఉండే 2ఎస్ అనే శక్తిస్థాయి, 2పి స్థాయిల్లో దిగువది రెండూ సమానం. 1947లో కొలంబియా విశ్వవిద్యాలయంలో లాంబ్, రెదర్‌ఫర్డ్ కొలిస్తే 2ఎస్ దానికన్నా, పౌనఃపున్యంలో చెబితే, సుమారు 1,000 మెగాహెర్ట్జ్ పైన తేలింది.

ఓరుగల్లు మాస్టారు: మూడో పాదం ప్రశ్నగా ఆపి సమస్యనే జవాబు చేశారు, భేష్! మరి ఋకారానికి ‘నెవ్వ’తో యతి ఏమిటండీ?

గోదావరి గట్టు: ఋ, ఎ స్వరయతే కదా మాస్టారూ. నిరుడు గ్రహణం సమస్యకి మీరే ‘ఋతువు’కి ‘ఎండ’ వేశారు. అప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఓరుగల్లు మాస్టారు: యతి సరే, ఒప్పుకున్నాను. గ్రహణం మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. అప్పటి మీ పూరణలో ఎలక్ట్రాన్ గ్రహంలా కేంద్రకం చుట్టూ తిరిగింది. నేటి మీ పద్యం దాన్ని కొట్టేస్తోంది. 2ఎస్‌లో కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా, ఇక తిరగడం ఎక్కడ? ఎలక్ట్రాన్ కేంద్రకం ఉన్నచోట కూడా కనిపించే అవకాశం ఉంది. శూన్యంలోని విద్యుత్ క్షేత్రం క్షణక్షణం మారుతూ దాన్ని వణికిస్తే, కేంద్రకం దగ్గర పడే ఆకర్షణ సగటున కాస్త తగ్గి స్థాయి పైకి లేస్తుంది. 1948లో భౌతిక శాస్త్రవేత్త వెల్టన్ ఇచ్చిన వివరణ ఇదే. మీ ‘వణఁకె’ ఒక్కటే ఇదంతా చెప్పింది. ఆ పాత పద్యం తీసెయ్యండి!

నల్లమల కవి:

రెండు రేకు లుంచ రిక్తాన నెదురుగ
నొకటి నొకటి చేర నుఱుకుచుండె
కాసిమీరు చెప్పెఁ గారణము నీరీతి:
ఏమి లేని చోట నెల్ల గలదు

గోదావరి గట్టు: మూడో పాదం నాలుగో గణం చూడండి కవిగారూ. ‘గారణము నీరీతి’లో ఒక లఘువు ఎక్కువైంది. ‘గారణ మీరీతి’ అంటే గణం కుదురుతుంది. పైగా రేకులు పరమాణువు లోపల లేవు. అడిగింది ఒకటి, మీరు పూరించింది ఒకటి.

నల్లమల కవి: లోపలి శూన్యం వేరు, బయటి శూన్యం వేరు కాదండీ. శూన్యంలో ఎదురెదురు రేకుల్ని దగ్గరికి లాగే బలాన్ని భౌతిక శాస్త్రవేత్త కాసిమిర్ 1948లో లెక్క కట్టాడు, దాన్ని 1997లో లామొరో అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో కొలిచి చూపాడు. రేకుల మధ్య దూరం సగమైతే బలం పదహారు రెట్లవుతుంది. చేతికి చిక్కిన సాక్ష్యాన్ని పద్యంలో పెట్టాను, తప్పేముంది?

మోడరేటర్: ‘గారణ మీరీతి’ అని సవరించి ఉంచుతున్నాను. వాదం బలంగానే ఉంది.

మంజీర తీరం:

ఖాళి యనఁగ నెట్లు కణమేఘ ముండంగ
నంతరమున నిండె నంతట నది
దాని వెనుక నెపుడు తరగక తరగలు!
ఏమి లేని చోట నెల్ల గలదు

నల్లమల కవి: ‘తరగక తరగలు’ దగ్గర ఆగిపోయాను తల్లీ, ఇంకోసారి చదివాను.

గోదావరి గట్టు: నాకూ నచ్చింది. కానీ లోపల ఎలక్ట్రాన్ మేఘం నిండి ఉందని మొదటి రెండు పాదాల్లో మీరే అన్నాక, నాలుగో పాదంలో ‘ఏమి లేని చోట’ ఎలా నిలుస్తుంది? సమస్యనే కాదన్నట్టయింది.

మంజీర తీరం: అందుకే కదండీ ‘దాని వెనుక’ అన్నాను. ఎలక్ట్రాన్ ఉన్నా లేకపోయినా ఆ తరగలు ఉంటాయి. శూన్యానికి ఉన్న కనీస శక్తిని ఎవరూ తోడెయ్యలేరు.

ఓరుగల్లు మాస్టారు: భావం నిజమేనమ్మా, కానీ ‘వెనుక’ అంత బరువు మోయలేదు. ‘దానిఁ దీసివేయఁ దరగక తరగలు’ అనండి. మేఘాన్ని తీసేశాక మిగిలేదే ‘ఏమి లేని చోటు’ అవుతుంది, గోదావరి గారి ఆక్షేపణా పోతుంది.

మంజీర తీరం: మార్చేశాను మాస్టారూ.

గోదావరి గట్టు: ఇప్పుడు నా పద్యం కన్నా ఇదే మేలు. మాస్టారూ, మరి మీ పూరణ ఏదీ?