ఆర్పెజియేటర్‌లో లాచ్ వేసి వాయిస్తే వాయించినట్టేనా?

సగంమాత్ర (మద్దిలపాలెం): మొన్న ఒక రిసెప్షన్‌లో సింథ్ మీద ఆర్పెజియేటర్ (పట్టిన స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి తనే వాయించేది) పెట్టి, లాచ్ (వేళ్లు తీసినా అది ఆగకుండా ఉంచే బటన్) నొక్కి, కార్డ్ (కలిపి నొక్కే కొన్ని స్వరాలు) పట్టి వదిలేశాను. అది తిరుగుతుంటే రెండో కీబోర్డ్ మీద లీడ్ వాయించాను. స్టేజీ దిగాక ఒక పెద్దాయన "మెషీన్ వాయించింది, నువ్వు చూశావు" అనేశారు. మీరేమంటారు?

నల్లమెట్లు: తప్పేమన్నారు తమ్ముడూ? 22 ఏళ్లుగా వాయిస్తున్నా. మెట్టు మీద వేలుంటేనే అది నీ స్వరం.

చిన్నడప్పు: అయితే శ్రుతిపెట్టె పెట్టుకుని పాడేవాళ్లంతా దొంగలేనా గురువుగారూ?

గాజువాక_కీస్: లాచ్‌లోనూ పనుంది సార్. వేళ్లన్నీ లేపాక కొత్త కార్డ్ నొక్కితే పాతది పోతుంది. ఒక్క వేలు మిగిలినా చాలు, కొత్త స్వరం పాతవాటికి చేరిపోతుంది. చాలా సింథ్‌లలో ఇంతే. సి మేజర్ నుంచి ఏ మైనర్‌కి ఎలా వెళ్తాం? రెండు వేళ్లు కదలవు, జీ మీది వేలు ఏ మీదకి జరుగుతుంది. చక్కటి అలవాటే. లాచ్‌లో మాత్రం జీ పోదు. జీ, ఏ పక్కపక్కనే గీసుకుంటూ తిరుగుతాయి, పాడేవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. మూడు వేళ్లూ ఒక్క క్షణం గాల్లోకి లేవాలి, అదీ సమం (తాళం మొదటి దెబ్బ) దగ్గరే. ఇది చేతిపని కాదా?

నల్లమెట్లు: దానికి లాచ్ ఎందుకు, సస్టెయిన్ పెడల్ తొక్కితే చాలదూ?

గాజువాక_కీస్: అన్నింట్లో కుదరదు. కొన్నింట్లో పెడల్ లాచ్‌లా పనిచేస్తుంది, కొన్నింట్లో మోగే స్వరాన్ని సాగదీసి ముద్ద చేస్తుంది.

నల్లమెట్లు: నాదాంట్లో తొక్కితే ఆగదు.

గాజువాక_కీస్: మీదాంట్లో సార్. నేను అన్నింటి గురించి చెప్తున్నా.

ఉప్పుగాలి: బీచ్ రోడ్డులో ఇల్లు. నా కీబోర్డ్‌లో ఒక మెట్టు నొక్కితే పైకి లేవట్లేదు. నాకు లాచ్ బటన్‌తో పనిలేదు.

చిన్నడప్పు: మీ గొడవ సరే, నా తాళం సంగతేంటి? 120 టెంపోలో పదహారో నోటంటే 125 మిల్లీసెకన్లు. డ్రమ్ మెషీన్ నుంచి క్లాక్ (టెంపో కలిపే సిగ్నల్) ఇవ్వకుండా లాచ్ వేస్తే రెండో చరణానికల్లా ఎవరి దారి వారిదే. పైగా బార్‌కి (తాళం ఒక చుట్టుకి) అలాంటి పదహారో నోట్లు 16, కార్డ్‌లో స్వరాలు మూడు. మూడు బార్లు తిరిగితేగానీ మొదటి స్వరం మళ్లీ సమం మీద పడదు. నాలుగో స్వరం కలపండి బాబూ.

నల్లమెట్లు: చూశారా, లెక్కలు మెషీన్‌వి, తిప్పలు మనవి. మా రోజుల్లో ఈ సోమరితనం లేదు.

గాజువాక_కీస్: మీ రోజులు ఎప్పటివి సార్? 1982 నాటి రోలాండ్ జూనో-60కే ఆర్పెజియేటరూ ఉంది, హోల్డ్ (లాచ్ లాంటిదే) బటనూ ఉంది. 1984లో జూనో-106 వచ్చేసరికి ఆర్పెజియేటర్ తీసేశారు. మీరు మొదలెట్టక ముందే వచ్చింది, ఒకదాంట్లోంచి పోయింది కూడా.

నల్లమెట్లు: పాఠాలు చెప్పకు. మా ఆర్కెస్ట్రాలో ఇద్దరం కీబోర్డ్‌లు ఉండేవాళ్లం. మా వాడు ఇలాంటిదే కొన్నాడు. నేను ఎడమచేత్తో కొట్టే ఆర్పెజియోలన్నీ అది కొట్టేసింది. మాఘమాసం ముహూర్తాలకి నాకు ఫోన్ రాలేదు. తర్వాత కూడా రాలేదు.

గాజువాక_కీస్: ఇది మొదటే చెప్పుంటే పెడల్ దగ్గర ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు కదా సార్. మీకు రావలసిన డబ్బు మీ వాడికి ఇచ్చారా? నాకైతే ఎవరూ ఇవ్వలేదు. ఇద్దరి పని, ఒకరి పేమెంట్. మిగిలింది ఆర్గనైజర్ జేబులోకి.

సగంమాత్ర: నాకూ అంతే అన్నా. రెండు కీబోర్డ్‌లు మోసుకెళ్లా, ఆటోకి కూడా నేనే ఇచ్చుకున్నా.

నల్లమెట్లు: ఎంతిచ్చారు?

సగంమాత్ర: ఇక్కడొద్దు, విడిగా మెసేజ్ పెడతా.

నల్లమెట్లు: పెట్టు. ఇందాక మా అబ్బాయి సింథ్ మీద చూశా. సి నుంచి ఏ మైనర్‌కి జరిపితే జీ పోలేదు, నిజమే. కానీ పెడల్ సంగతి నేను చెప్పిందే రైటు.