ఖాశాబా జాధవ్‌కు ఇప్పుడు పద్మ ఇస్తే న్యాయం జరిగినట్టేనా?

కృష్ణాతీరం:
1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఫ్రీస్టయిల్ కుస్తీ బాంటమ్‌వెయిట్‌లో కాంస్యం. స్వతంత్రం వచ్చాక మన దేశానికి దక్కిన తొలి వ్యక్తిగత పతకం అది. గెలిచినాయన ఖాశాబా దాదాసాహెబ్ జాధవ్. ఊరు గోళేశ్వర్, మన కృష్ణమ్మలో కోయనా వచ్చి కలిసే కరాడ్ పక్కనే. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయారు. అర్జున అవార్డు కూడా ఆ తర్వాత పదహారేళ్లకు గానీ రాలేదు. పద్మ ఇప్పటికీ లేదు. కుటుంబం బాంబే హైకోర్టు దాకా వెళ్లింది. ఇవ్వాల్సిందే అని నేనంటాను. మీరేమంటారు?

ఫైలుగుమాస్తా:
పద్మ పురస్కారాలు మామూలుగా పోయినవాళ్లకు ఇవ్వరండీ. మినహాయింపు ఉంది గానీ, అదీ ఈమధ్యే పోయినవాళ్లకు. ఒక్కసారి ఆ తలుపు తీస్తే రేపు వీరఘట్టం వాళ్లు కోడి రామ్మూర్తి నాయుడికి అడుగుతారు. తప్పని చెప్పగలరా?

కృష్ణాతీరం:
అడగనివ్వండి, నేనూ సంతకం పెడతా. అదే హెల్సింకిలో హాకీ స్వర్ణం గెలిచిన బల్బీర్ సింగ్‌కు 1957లోనే పద్మశ్రీ ఇచ్చారు. అప్పటికి జాధవ్ నిక్షేపంగా బతికున్నారు, పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్. అప్పుడు ఏ రూలు అడ్డొచ్చింది?

మట్టిగోదా:
పద్మ సంగతి పక్కన పెట్టండి. ఆయన అక్కడికి ఎలా చేరారో చూడండి. 1948 లండన్‌కు కొల్హాపూర్ మహారాజు డబ్బిచ్చారు. అప్పటిదాకా మట్టిలో పట్టిన మనిషికి మ్యాట్ ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది, అయినా ఫ్లయ్‌వెయిట్‌లో ఆరో స్థానం. హెల్సింకికి మళ్లీ చేతులు చాచాల్సి వచ్చింది. ఆయన చదివిన రాజారామ్ కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డీకర్ గారు సొంత ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేలు ఇచ్చారు. 1952లో ఏడు వేలంటే మాటలా! తిరిగొచ్చాక జాధవ్ కుస్తీలు పట్టి, ఆ డబ్బుతో ఇంటిని విడిపించారు. కరాడ్‌లో నూటయాభైకి పైగా ఎడ్లబండ్లతో ఊరేగించారు, బాగానే ఉంది. తాకట్టు కాగితం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. నన్నడిగితే దేశం పడ్డ బాకీ అది, పతకం మీద పతకం కాదు.

స్కోరుబోర్డు:
కథలో సగం మసాలా ఉందని నా అనుమానం. స్వర్ణం చేజారిందని అందరూ రాస్తారు. స్వర్ణం జపాన్ ఇషీది, రజతం సోవియట్ మమ్మద్‌బెయోవ్‌ది. జాధవ్ ఆ ఇద్దరి చేతిలోనూ ఓడారు. చేజారడమేంటి?

మట్టిగోదా:
ఓడారు, కాదనను. కానీ ఇషీతో చాలాసేపు పెనుగులాడాక, విశ్రాంతి లేకుండానే రెండో వస్తాదు ముందు నిలబెట్టారని చెబుతారు. అరగంట విరామం అడగడానికి పక్కన మన అధికారి ఒక్కడూ లేడట. స్వర్ణం అనకండి, రజతం అనండి. జాధవ్‌కు పేరు తెచ్చిన పట్టు ఢాక్: మెడను చంకలో బిగించి, నడుము తిప్పి అవతలివాడిని ఎత్తి కిందేయడం. రొప్పుతున్న మనిషి చేసే పని కాదది. గోదాలో ఒక్కసారి దిగినవాళ్లకు అర్థమవుతుంది.

స్కోరుబోర్డు:
'అట', 'చెబుతారు'. నాకు కావాల్సింది అదే మాట. కాంస్యం ఉన్నదే చాలా పెద్దది, దానికి ఈ దురదృష్టం కథ అతికించక్కర్లేదు. ఆ తర్వాత వ్యక్తిగత పతకం కోసం 1996లో పేస్ దాకా, కుస్తీలో అయితే 2008లో సుశీల్ దాకా ఆగాం. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఫైలుగుమాస్తా:
2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు ఢిల్లీలో కుస్తీ స్టేడియానికి ఆయన పేరే పెట్టారుగా. అది చాలదా?

కృష్ణాతీరం:
స్టేడియం పేరు చాలనుకుంటే బతికున్నవాళ్లకూ పద్మలు మానేసి పేర్లే పెట్టమనండి. ఎంతమంది ఒప్పుకుంటారో చూద్దాం.