త్వరగా నిర్ణయించడమే దృఢ నాయకత్వమా?

ప్రశ్న:
ఇటీవల నాకు ఒక విభాగం బాధ్యత అప్పగించారు. సమాచారం పూర్తిగా అందేవరకు ఏ విషయాన్నీ తేల్చకపోవడం నా పద్ధతి. నేను దాన్ని జాగ్రత్త అనుకుంటుంటే, నా బృందం నాన్చుడు ధోరణి అంటోంది. తొందరపాటుతో దెబ్బతిన్న సంస్థలూ ఉన్నాయి కదా? నాయకుడిలో నిర్ణయశక్తి అంటే వేగమేనా? అనుభవజ్ఞులు వివరించగలరు.

మొదటి సమాధానం:
ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే వీలుందా లేదా అన్నది ముందు చూడండి. అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో, దాటాక తిరిగి రాలేని తలుపులు కొన్ని, రాగలిగినవి కొన్ని అని ఈ తేడాను చెప్పారు. మరుసటి ఏడాది లేఖలో, చాలా నిర్ణయాలకు కావాలనుకున్న సమాచారంలో సుమారు 70 శాతం ఉంటే చాలునని, 90 శాతం కోసం ఆగితే బహుశా ఆలస్యమైనట్టేనని రాశారు. ఆ 70 శాతాన్ని ఎలా కొలవాలన్నది వేరే సంగతి! కోకాకోలా 1985 ఏప్రిల్‌లో తన పానీయం రుచిని మార్చి, వినియోగదారులు ఎదురుతిరగడంతో జులైలోనే పాత రుచిని మళ్లీ తెచ్చింది. వెనక్కి తగ్గడానికీ నిర్ణయశక్తి కావాలి.

రెండవ సమాధానం:
వేగం గురించి మాట్లాడుతుంటే అసలు చిక్కు మరుగున పడుతోంది. 1980ల నడుమ చిప్‌ల తయారీ సంస్థ ఇంటెల్ ఆలస్యం చేసింది సమాచారం చాలక కాదు. జపాన్ సంస్థల పోటీ వల్ల మెమరీ చిప్‌ల వ్యాపారం నిలవడం కష్టమని కనిపిస్తూనే ఉంది. కానీ ఆ సంస్థ ఎదిగిందే ఆ వ్యాపారంతో. 1985లో ఇంటెల్ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్, సంస్థ అధిపతి గోర్డన్ మూర్‌తో మాట్లాడుతూ, మనల్ని తొలగించి కొత్త అధిపతిని తెస్తే ఆయన ఏం చేస్తాడని అడిగారు. మెమరీ నుంచి తప్పుకుంటాడని మూర్ తడుముకోకుండా చెప్పారు. ఆ పని మనమే ఎందుకు చేయకూడదన్నారు గ్రోవ్. ఆ తర్వాత సంస్థ బలమంతా కంప్యూటర్‌ను నడిపే చిప్‌ల, అంటే మైక్రోప్రాసెసర్ల, వైపు మళ్లింది. మీరు ఆగుతున్నది సమాచారం కోసమా, లేక ఎవరికో అప్రియమైన మాట చెప్పవలసి వస్తుందన్న జంకుతోనా? నా అనుమానం రెండోదే.

మూడవ సమాధానం:
గట్టిగా నిర్ణయించి గెలిచినవారి కథలే మనకు ఎక్కువగా వినిపిస్తాయి, అంతే గట్టిగా నిర్ణయించి మునిగినవారు చర్చకు రారు. పైగా, నాయకుడు ముందే తేల్చేసుకున్నాడని తెలిస్తే ఉద్యోగులు చెడు వార్తను పైకి చేరనివ్వరు. అందువల్ల అభిప్రాయం చివర చెప్పే నాయకుడే మేలని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
జంకు మాట నిజమే కావచ్చు. అయితే అందరి మాటా విన్నాక కూడా విభేదాలు మిగిలితే ఎలా?

రెండవ సమాధానం రాసినవారు:
ఏకాభిప్రాయం కోసం ఆగకండి. ఎప్పటిలోగా తేలుస్తారో, చివరి మాట ఎవరిదో చర్చకు ముందే ప్రకటించండి. నిర్ణయించాక కారణాలతోపాటు, ఒప్పుకోనివారి వాదననూ, ఏ పరిణామం కనిపిస్తే పునఃపరిశీలిస్తారో కూడా రాసి అందరికీ పంపండి. ఆ పరిణామం కనిపించనంతవరకు, ఎవరు అడిగినా ఆ చర్చను మళ్లీ తెరవకండి.