గోదావరి డెల్టాలో పంట పెరిగితే ఫ్యాక్టరీలు వాటంతటవే వస్తాయా?

కాలవగట్టు: మా రైతు సంఘం తరఫున ఎమ్మెల్యే గారికి అర్జీ రాస్తున్నాం. రాయితీలిచ్చి బయటి కంపెనీలను పిలిచే ముందు మురుగు కాలువలు బాగుచేయండి, రైతు చేతిలో డబ్బు ఆడితే పరిశ్రమ దానంతటదే వస్తుంది అని. ఇది నా సొంత కవిత్వం కాదు, ఇర్మా ఆడెల్మన్ అనే ఆర్థికవేత్త 1984లోనే చేసిన వాదన. మన దగ్గరే చూడండి: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ వచ్చింది.

మిల్లు గుమస్తా: మధ్యలో 95 ఏళ్లు. ఎమ్మెల్యే గారికి అంత టైం ఉండదు లెండి. 1990లలో ఇథియోపియా ఈ బాటే పట్టింది. పంట పెరిగింది, పేదరికం తగ్గింది, తయారీ రంగం వాటా మాత్రం పెద్దగా కదల్లేదు. అర్జీలో ఇదీ రాస్తారా, కావలసినవే ఏరుకుంటారా?

కోనసీమ కౌలుదారు: రైతు చేతిలో డబ్బు అంటున్నారు, ఏ రైతండీ? మా ఊళ్లో దున్నేది చాలావరకు కౌలువాళ్లమే. దిగుబడి పెరిగిందా, మరుసటేడు కౌలు బస్తాలూ పెరుగుతాయి. ఆ డబ్బు హైదరాబాద్‌లో ఫ్లాటవుతుంది గానీ అమలాపురంలో మిక్సీ కొనదు. 2011 సార్వాకి (ఖరీఫ్‌కి) ఇక్కడ క్రాప్ హాలిడే అని పంట వేయకుండా వదిలేసినప్పుడు ఆసామికి అది నిరసన, నాకు ఆ ఏడు తిండిగింజలు పోవడం. పంట పెరిగి పరిశ్రమ వచ్చిందని తైవాన్ కథ అందరూ చెప్తారు, సగమే చెప్తారు. అక్కడ 1949లో కౌలు ప్రధాన పంటలో 37.5 శాతం దాటకూడదన్నారు. 1953లో దున్నేవాడికి భూమి ఇప్పించి, ఆసాములకు పరిహారంలో 30 శాతం సిమెంటు, కాగితం లాంటి ప్రభుత్వ కంపెనీల షేర్లుగా ఇచ్చారు. భూమి డబ్బును ఫ్యాక్టరీలోకి అలా మళ్లించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో కౌలుదారు సాగు హక్కు కార్డుకే ఆసామి సంతకం కావాలన్నారు.

కాలవగట్టు: నిజమేనండి. కానీ సంఘంలో సగం మంది ఆసాములే. కౌలు మాట రాస్తే అర్జీ గుమ్మం దాటదు.

మిల్లు గుమస్తా: అయితే డ్రైనేజీ అర్జీ అనే ఇవ్వండి. పరిశ్రమ పేరెందుకు?

కోనసీమ కౌలుదారు: డ్రైన్లు వద్దనలేదు, మునిగేది నా ఊడ్పే. ఎవరి ఊరివి వాళ్లు ఐదేళ్ల దిగుబడి, కౌలు బస్తాలు పక్కపక్కన రాసి ఇక్కడ పెట్టండి. దాళ్వావి (రబీవి) విడిగా.

కాలవగట్టు: ఆదివారానికి పెడతా. అందులో మా నాన్నగారి పొలం కౌలు కూడా ఉంటుంది, అదే టెన్షన్.