మా తాత దేవుణ్ని నమ్మలేదా, దేవుడి మీద అలిగాడా?

మూసీగట్టు:
పోయిన నెల మా తాత చనిపోయాడు. దినాలు చేయాలా వద్దా అని ఇంట్లో పెద్ద లొల్లి అయింది, ఇంకా తెగలేదు. "బాపు దేవుణ్ని నమ్మలే. ఆయన పేరు మీద ఈ తంతు ఎందుకు?" అని చిన్నాయన. "నమ్మకపోవుడు కాదు, అలిగిండు. లేనోని మీద ఎవరన్న అలుగుతరా?" అని అత్త. మీరేమంటారు?

మాది సూర్యాపేట పక్క ఊరు. 1948లో తాతకు పదేళ్లు. ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద నిజాం వైపు సాయుధులు, రజాకార్లు పడి జనాన్ని కాల్చి చంపిన కబురు అప్పటికే ఊళ్లోకి వచ్చింది. గుళ్లోకైతే రారులే అని పెద్దలు పిల్లల్ని, ఆడవాళ్లను శివాలయంలో ఉంచారట. వాళ్లు చెప్పులతోనే వచ్చారు. తాత అన్నను ఈడ్చుకుపోయారు, మళ్లీ రాలేదు. కొద్ది రోజులకే, సెప్టెంబర్ 13న, మిలటరీ దిగింది. 17న నిజాం లొంగిపోయాడు. "పది రోజులు ముందు తోలితే ఏం పోయేదిరా ఆయనకు?" అని తాత అనేవాడు. ఆ 'ఆయన' ఎవరో మేమెప్పుడూ అడగలేదు.

గొల్లగట్టు లింగమంతుల జాతరకు మాత్రం రెండేళ్లకోసారి బండి కట్టేవాడు. అందరం "ఓ లింగా" అనుకుంటూ గట్టెక్కుతుంటే ఆయన కింద ఎడ్ల దగ్గర కూర్చునేవాడు. చౌడమ్మకు కోసిన వేట కూర మాత్రం వదిలేవాడు కాదు!

సంఘపోళ్ల మనవడు:
అలకా గిలకా ఏం లేదు. నమ్మకం పోవడానికి ఒక్క రాత్రి చాలదు, ఆలోచన కావాలి. దాన్ని సంఘం, అంటే దొరల మీద కొట్లాడిన ఆంధ్ర మహాసభ, ఇచ్చింది. వెట్టి ఎందుకు చేయాలంటే పోయిన జన్మ పాపం అనేవాళ్లు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయాక జనం గుత్పలు పట్టుకుని గడీల మీదికి పోయారు. మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. రాత్రికి రాత్రి గెట్టు రాయి జరిగితే ఇంక నుదుటి రాతను ఎవడు నమ్ముతాడు? మీ తాత ఆ గాలిలో పెరిగినవాడే.

మూసీగట్టు:
మా తాత సంఘంలో లేడన్నా. గొర్లు కాసుకునేవాడు.

లతీఫ్‌గుట్ట నీడ:
సంఘం కూడా గొల్లసుద్దులు, బుర్రకథలతోనే ఊళ్లలోకి పోయింది కదా అన్నా. దేవుడి కథలు విన్న చెవులకు అదే బాణీలో దొర కథ వినిపించింది.

మా ఇంటి సంగతి చెప్తాను. మేము నల్గొండ ముస్లింలం. మా దాదా రజాకార్లలో చేరలేదు. అయినా పోలీస్ యాక్షన్, అదే ఆ మిలటరీ దిగిన తర్వాత గడ్డం ఉన్న ప్రతివాడూ రజాకారే అయ్యాడు. అప్పటి హత్యల మీద నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు ఏళ్ల తరబడి బయటికే రాలేదు. దాదా, దాదీ తెలిసిన గౌండ్ల వాళ్ల ఇంట్లో కల్లు కుండల వెనక నాలుగు రోజులు దాక్కున్నారు. బయటికి వచ్చాక దాదా గడ్డం తీసేశాడు, మసీదు మొహం చూడలేదు. దాదీ చచ్చేదాకా ఒక్క పూట నమాజు తప్పలేదు. ఇద్దరూ దాక్కున్నది ఒక్క చోటే. యుద్ధం వల్లే నమ్మకం పోతుందంటే దాదీ లెక్క ఎట్లా తేలుతుంది?

అచ్చంపేట అమ్మాయి:
1948 దాకా ఎందుకు? నేను నల్లమల అంచున 90ల్లో పెరిగాను. నక్సలైట్లను మేం అన్నలు అనేవాళ్లం. పగలు పోలీసులు వచ్చి "అన్నలకు అన్నం పెట్టారా?" అనేవాళ్లు. రాత్రి అన్నలు వచ్చి "పోలీసులకు ఏం చెప్పారు?" అనేవాళ్లు. ఒకసారి మా అన్నయ్యను, పక్కింటి అబ్బాయిని స్టేషన్‌కు పట్టుకుపోయారు. రెండిళ్ల అమ్మలూ పోచమ్మకే మొక్కారు. మా అమ్మ మేకను, ఆమె కోడిని. మా అన్న వచ్చాడు.

మేకను కోసిన రోజు నాకు పన్నెండేళ్లు. పక్కింటామె గోడ అవతలే ఉంది. ఆ వాసన ఆమెకు పోయి ఉంటుందని ఒక్కటే టెన్షన్. నాకు దేవత మీద కోపం రాలేదు. మేకకూ కోడికీ తేడా చూసే అమ్మవారు ఉండదు అనిపించింది, అంతే. అందుకే మీ అత్త మాట అందరికీ వర్తించదు. అలిగినవాళ్లు మీ తాతలాగా గట్టు దాకా పోతారు. నేను సలేశ్వరం జాతర జరిగే అడవి పక్కనే పుట్టి ఒక్కసారీ పోలేదు, పోవాలనీ లేదు.

సంఘపోళ్ల మనవడు:
చెల్లెమ్మా, నువ్వు చెప్పిందీ ఆలోచనే కదా. ఎవరూ నేర్పకుండా వచ్చింది. సరే, నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా.

మూసీగట్టు:
పక్కింటామె గోడ దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా తాత ఎడ్ల దగ్గర కూర్చున్నది అలకతోనా, అన్న లేకుండా పైకి పోలేకనా? అత్తకు ఇదంతా చదివి వినిపించాను. ఒప్పుకోలేదు. దినాలు ఎట్లాగూ తప్పిపోయాయి కాబట్టి వచ్చే గొల్లగట్టుకు తాత పేరున గొర్రెను ఇస్తుందట. చిన్నాయన గట్టెక్కడట, ఆటో దగ్గర కూర్చుంటాడట.

సంఘపోళ్ల మనవడు:
కూర తింటాడా లేదా, అది చూసి చెప్పు.