క్లబ్ పోటీకి బ్లాక్ అండ్ వైట్ ఫొటోజర్నలిజం ఎంట్రీ, ఈ మూడిట్లో ఏది పంపమంటారు?

పెన్నాగట్టు:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. మా ఫొటో క్లబ్బులో ఈ నెల పోటీ బ్లాక్ అండ్ వైట్ ఫొటోజర్నలిజం, మనిషికి ఒక్కటే ఎంట్రీ, ప్రొజెక్టర్ మీద వేస్తారు, జడ్జికి టైటిల్ చదివి వినిపిస్తారు అంతే, కింద క్యాప్షన్ గట్రా ఏం ఉండదు. రూల్స్ అడిగితే ఫియాప్ (అంతర్జాతీయ ఫొటో క్లబ్బుల సమాఖ్య), పీఎస్ఏ (అమెరికా ఫొటో సొసైటీ) వాళ్ళ నిర్వచనమే మనకీ అన్నారు. నేను మామూలుగా నేలపట్టు, పులికాట్ అని పక్షుల ఎనకాల తిరిగే బ్యాచ్, ఈ సబ్జెక్ట్ నాకు కొత్త. హార్డ్ డిస్క్ అంతా తవ్వితే మూడు తేలినయ్.

మొదటిది రొట్టెల పండగది. బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో ఇద్దరు ఆడోళ్ళు, ఒకామె రొట్టె ఎత్తి ఇస్తా ఉంది, ఇంకొకామె కొంగు పట్టి తీసుకుంటా ఉంది, మొహాల మీద ఎలుతురు బ్రహ్మాండంగా పడింది. చూసినోళ్ళందరూ ఇదే పంపమంటుండారు. కాకపోతే కలర్లో ఒకామెది ఎర్ర చీర, ఇంకొకామెది పచ్చ చీర, బ్లాక్ అండ్ వైట్ చేస్తే రెండూ ఒకటే బూడిద రంగు అయిపోయి ఇద్దరూ కలిసిపోతుండారు. కింద మూలన వాటర్ ప్యాకెట్ ఒకటి తేలతా ఉంది, అది తీసేయొచ్చా?

రెండోది ఒంగోలు పక్క ఊళ్ళో శివరాత్రి తిరునాళ్ళలో బండలాగుడు. ఎడ్ల జత ముందుకి ఒంగి లాగతా ఉంది, దుమ్ము లేచింది, తోలే వాళ్ళలో ఒకతను జారి మోకాలి మీద పడతా కూడా తాడు వదల్లేదు. యాక్షన్ అదిరిపోయింది గానీ ఎనకంతా ఫ్లెక్సీలే.

మూడోది 2021 నవంబర్‌లో పెన్నా వరద తగ్గినాక వెంకటేశ్వరపురం వైపు పోయినప్పుడు సెల్‌ఫోన్‌తో తీసింది. ఒక పెద్దామె ఇంటి ముందర నులకమంచం మీద తడిసిన కాయితాలన్నీ ఎండబెట్టుకుంటా ఉంది. ఇందులో యాక్షన్ ఏమీ లేదు, లెక్కకి ఉండనీ అని పెట్టినా. మీరేమంటారు?

ఒంగోలు_గిత్త:

ఏందబ్బా ఇంకా ఆలోచించేది, రెండోది పంపు. రొట్టెల పండగ ఫొటో ప్రతి సంవత్సరం ప్రతి క్లబ్బులో పదిమంది పెడతారు, జడ్జి చూసీ చూసీ విసిగిపోయుంటాడు. మా ఎద్దుల ఫొటోలో అయితే మనిషి పడతా ఉన్నా తాడు వదల్లేదు అంటున్నావే, కథంతా ఆడే ఉంది. ఫ్లెక్సీలు క్రాప్ చేసి పారెయ్. ఎడ్లు తెల్లగా ఉంటాయి, బ్యాక్‌గ్రౌండ్ నల్లగా చేసెయ్, దుమ్ములోంచి దేవుళ్ళు దిగొచ్చినట్టుంటది.

గ్రానైట్_బాయ్:

బ్రో నన్నడిగితే రొట్టె ఫొటోనే. మొత్తం బ్లాక్ అండ్ వైట్ చేసి ఎర్ర చీర ఒక్కటి కలర్లో ఉంచు, అప్పుడు ఇద్దరూ కలిసిపోరు గదా. వాటర్ ప్యాకెట్ ఏముంది, ఫోన్లో ఎరేజర్ ఉంది, ఏలు పెట్టి రుద్దితే క్షణంలో పోతది, ఏఐ కాలం ఇది.

చీకటిగది:

గ్రానైట్ తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండూ చేస్తే ఆ ఫొటో రెండు సార్లు డిస్‌క్వాలిఫై అవుతుంది. ఒక్క రంగు ఉంచినా ఫియాప్ లెక్కలో అది కలర్ ఫొటోనే, మోనో (బ్లాక్ అండ్ వైట్) కాదు. ఇక ప్యాకెట్ సంగతి. ఫొటోజర్నలిజంలో ఉన్నదాన్ని తీసేయటం, లేనిదాన్ని పెట్టటం, పక్కకి జరపటం, ఏదీ కుదరదు. క్రాప్ ఒక్కటే ఒప్పుకుంటారు. దుమ్ము చుక్కలు, గీతలు, నాయిస్ (ఫొటోలో పడే సన్నటి గింజలు) తీసేసుకోవచ్చు, కనపడీ కనపడనట్టు షార్ప్ చేసుకోవచ్చు, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చుకోవచ్చు, అంతటితో సరి. ప్యాకెట్ మూలనే ఉందంటున్నావు కాబట్టి క్రాప్‌లో పోతే పోనీ, లేదంటే ఉండనీ. చెరువులో వాటర్ ప్యాకెట్ తేలటం కూడా ఆ పండగలో నిజమే గదా.

ఎరేజర్‌తో ఏమవుద్దిలే అనుకునేవాళ్ళకి ఒకటి చెప్తా. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో స్టెపాన్ రుడిక్ అనే ఉక్రెయిన్ ఆయనకి స్పోర్ట్స్ విభాగంలో మూడో బహుమతి ఇచ్చి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. వీధి పోరాటాల మీద వరస ఫొటోలు అవి. ఒకదాంట్లో చేతికి కట్టు కడుతుంటే వేళ్ళ సందున వెనక ఎవరిదో కాలి కొస కనిపిస్తుంది, ఆ కాస్తా చెరిపేశాడు. కలర్‌ని బ్లాక్ అండ్ వైట్ చేశాడు, గ్రెయిన్ దట్టించాడు, అసలు ఫ్రేమ్‌లో చిన్న ముక్క మిగిలేంత క్రాప్ చేశాడు, వాటికి జ్యూరీ అభ్యంతరం చెప్పలేదు. ఆ కాలి ముక్క దగ్గరే పట్టుకున్నారు. చెరపకుండా ఆ క్రాప్‌తోనే వదిలేసుంటే బహుమతి ఉండేది.

పెన్నాగట్టూ, నీకు ఒక ప్రశ్న. రొట్టె ఫొటోలో వెలుతురు అంత బాగా మొహాల మీదికే పడింది, వెనక జనం సర్దుకున్నట్టు పక్కకున్నారు అంటే నాకు అనుమానం. ఎవరన్నా "అమ్మా ఇటు తిరగండి, రొట్టె కొంచెం పైకెత్తండి" అన్నారా?

పెన్నాగట్టు:

నేనేం అనలా అన్నా. కానీ మీరడిగినాక గుర్తొచ్చింది, నా పక్కన ఎవరో ఇద్దరు పెద్ద కెమెరాలేసుకొని, ఇచ్చిన రొట్టె మళ్ళీ వెనక్కి ఇప్పించి ఇంకోసారి ఇవ్వమన్నారు, ఆ రెండోసారిది నాకు పడింది. నేను చెప్పి చేయించింది కాదు గదా, పంపొచ్చు కదా?

చీకటిగది:

ఎవరు చెప్పారన్నది లెక్క కాదు. కెమెరా కోసం ఏర్పాటు చేసిన దృశ్యం అయితే ఫొటోజర్నలిజం కింద చెల్లదు, పక్కవాడు పెట్టించిన పోజు నీ కెమెరాలో పడితే నిజమైపోదు. పైగా ఆ పండగలో రొట్టె ఎందుకు మార్చుకుంటారో నీకూ నాకూ తెలుసు, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది. ఎవరో అరుస్తుంటారు ఫలానా రొట్టె ఎవరికి కావాలని, కావల్సినోళ్ళు నీళ్ళలో అడ్డంపడి వస్తారు, కోరిక తీరినోళ్ళు మళ్ళీ సంవత్సరం తెచ్చి ఇస్తారు. ఆ ఆత్రం దొరికిన ఫ్రేమ్ ఉంటే చెప్పు, మొహం మీద వెలుతురు లేకపోయినా, చెయ్యి సగం తెగినా సరే దాన్ని ఆలోచిద్దాం. ఇద్దరు ఎదురెదురు నిలబడి రొట్టె ఎత్తుకున్నదాన్ని మాత్రం క్యాలెండర్‌కి వాడుకో, చీరల రంగులు కూడా దక్కుతాయి.

ఎద్దుల ఫొటో మంచిదే, ఒంగోలు అన్న చెప్పింది కాదనను. కానీ ఒంగోలు ఎద్దు తెలుపు, దుమ్ము తెలుపు, మధ్యాన్నం ఆకాశం తెలుపు, బ్లాక్ అండ్ వైట్‌లో అన్నీ ఒకటైపోయి ఎద్దు కొమ్ములు, కళ్ళు తప్ప ఏం మిగలదు. బ్యాక్‌గ్రౌండ్ నల్లగా చేసెయ్ అనటం సులువే, లేని చీకటి పులిమితే అది కూడా దృశ్యాన్ని మార్చటమే. ఇంకోటి, ఫ్లెక్సీ మీద అక్షరాలు. ఫొటోలో అక్షరం ఉంటే కన్ను ముందు దాన్నే చదువుతుంది, రంగు తీసేసినా చదువుతుంది, జడ్జి మన ఊరి వాడైతే మరీనూ, బొమ్మ ఎవరిదో చూసుకొని పార్టీ ఏదో కూడా లెక్కేసుకుంటాడు.

మూడోది చూపించు, ఆ కాయితాల ఫొటో. నువ్వు చెప్పిన పద్ధతి చూస్తే దాని విలువ నీకే తెలిసినట్టు లేదు.

పెన్నాగట్టు:

అప్‌లోడ్ చేసినా, మొదటి పోస్టులో కింద ఉండాది. రెండు ఫ్రేములు. ఒకదాంట్లో ఆమె తల వంచుకొని పాస్ పుస్తకం పేజీలు ఊడదీస్తా ఉంది, రెండోదాంట్లో తలెత్తి నా వైపు చూసింది. నేను ఏం చెయ్యమనలా, ఆమే "ఏం నాయనా, నష్టం రాసుకోడానికొచ్చినావా" అని అడిగింది. కాదమ్మా, ఫొటో తీసుకోవచ్చా అంటే తీసుకో అని మళ్ళా తన పనిలో పడింది.

నిమ్మతోట:

ఇప్పుడే పెద్ద స్క్రీన్ మీద చూశా తమ్ముడూ. మంచం మీద ఎడమ నుంచి రేషన్ కార్డు, పట్టాదారు పాస్ పుస్తకం, బ్యాంకు పుస్తకం, ఎవరిదో పెళ్ళి ఫొటో సగం చెరిగిపోయి ఉంది, గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కోటి పెట్టింది, గులకరాయి, గరిటె, పాస్ పుస్తకం మీద మాత్రం ఇత్తడి చెంబు. ఏ కాయితం ఎక్కువ ముఖ్యమో ఆమె పెట్టిన బరువే చెప్తా ఉంది. వెనక గోడ మీద బురద గీత చూశారా, కూర్చున్న ఆమె తలకంటే జానెడు పైన ఉంది. నీళ్ళు ఎందాకా వచ్చాయో, ఏం పోయిందో, ఏం మిగుల్చుకోవాలని చూస్తుందో మొత్తం ఒక్క ఫ్రేములో ఉంటే యాక్షన్ లేదంటావేంది! ఆ వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన ఫొటోలు అన్ని పేపర్లలో వచ్చాయి, అవి ఎవరు తీసినా ఒకటే. ఇది ఎవరూ తీయలేదు.

కానీ ఒక మాట. తల వంచుకున్న ఫ్రేములో కుడి పక్కన ఆధార్ కార్డు ఉంది, జూమ్ చేస్తే నంబర్ చదవొచ్చు. అది అట్టా బయట పెట్టటం నాకు ఇష్టం లేదు. ముందు ఇక్కడ పెట్టింది తీసేసి చిన్న సైజుది పెట్టు.

పెన్నాగట్టు:

అక్కా తీసేసినా, థాంక్స్. పోటీకి పంపేటప్పుడు ఆ నంబర్ బ్లర్ చెయ్యొచ్చా మరి?

చీకటిగది:

బ్లర్ చేస్తే ఎడిట్ కిందికే వస్తుంది, రూల్ దగ్గర ఇబ్బంది. కుడి వైపు క్రాప్ చెయ్, ఆధార్ పోతుంది, చెంబు, బురద గీత రెండూ ఉంటాయి. ఫ్రేము నిలువు అవుతుంది, అయితే కానీ.

బ్లాక్ అండ్ వైట్ మార్చేటప్పుడు మాత్రం ఒక్క బటన్ నొక్కి వదిలెయ్యకు. గోడ లేత ఆకుపచ్చ, బురద పసుపు మట్టి రంగు, ఉత్తినే రంగు తీసేస్తే రెండూ ఒకటే గ్రే అయిపోయి గీత మాయమవుతుంది, ఆ గీత పోతే వరద పోయినట్టే. కలర్ మిక్సర్‌లోకి వెళ్ళి పసుపు తగ్గించు, ఆకుపచ్చ కొంచెం పెంచు, గీత పైకి లేస్తుంది. ఆరెంజ్ మాత్రం ముట్టుకోవద్దు, అది తగ్గిస్తే ఆమె మొహం నల్లబడిపోతుంది. నీ రొట్టె ఫొటోలో చీరలు కలిసిపోవటానికి కూడా కారణం ఇదే, ఎరుపు, ఆకుపచ్చ స్లైడర్లు అటూ ఇటూ జరిపితే విడిపోయేవి, ఇప్పుడిక ఆ గొడవ లేదనుకో.

ఫోన్‌ది కదా, నీడల్లో నాయిస్ ఉంటుంది, ఉండనీ. ఈ విభాగంలో అందం కన్నా కథకే ముందు మార్కులు. అసలు ఫైలు మాత్రం డిలీట్ చెయ్యకు, గెలిస్తే అడిగినా అడుగుతారు.

నిమ్మతోట:

క్రాప్ ఎందుకన్నా, తలెత్తి చూసిన ఫ్రేములో ఆమె మోచెయ్యి సరిగ్గా ఆధార్ మీదికి వచ్చి కప్పేసింది, ఏం కోయకుండా అదే పంపొచ్చు. పైగా ఆ చూపు చూడండి, ఇతను ఆఫీసు మనిషేమోనని ఆశ, కాదేమోనని అనుమానం, రెండూ ఉన్నాయి. కెమెరా వైపు చూస్తే ఫొటోజర్నలిజం కాదని ఏ రూల్లోనూ లేదు.

చీకటిగది:

రూల్లో లేదు, ఒప్పుకుంటా. కానీ ఆమె మన వైపు చూడగానే అది పోర్ట్రెయిట్ అయిపోతుందమ్మా, జడ్జి మొహం చూస్తాడు, కాయితాలు చూడడు. తల వంచుకున్నప్పుడు ఆమె ఎటు చూస్తుందో మనమూ అటే చూస్తాం, తడిసి అంటుకుపోయిన పేజీని గోటితో విడదీస్తున్నది కనపడుతుంది. నా ఓటు దానికే, క్రాప్‌తో.

నిమ్మతోట:

మొహం చూస్తే తప్పేంటి, పోయింది ఆమెవే కదా! కాయితాలు ఎక్కడికీ పోలేదు, మొహం చూశాక కిందకి దిగి చూస్తారు. నేనొప్పుకోను 😄

గ్రానైట్_బాయ్:

రంగు తీసేస్తే బురద బురదలాగ ఉండదేమో అని నా డౌట్, వరద ఫొటో కలర్లోనే బాగుంటదేమో?

చీకటిగది:

పోటీయే మోనో కాబట్టి ఇక్కడ ఆ ప్రశ్న రాదు గానీ, అడిగింది మంచి ప్రశ్నే తమ్ముడూ. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటనప్పుడు మట్టిలో పూడుస్తున్న అదే పసిబిడ్డని రఘు రాయ్ బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు, పాబ్లో బార్తలోమ్యూ కలర్లో తీశాడు. వరల్డ్ ప్రెస్ ఫొటో ఆ ఏటి మేటి ఫొటోగా ఎంచింది కలర్‌దే. రెండూ పక్కపక్కన పెట్టుకొని ఒకసారి చూడు. నాకు గుర్తుండిపోయింది నలుపు తెలుపుదే, అది నా వయసు మహిమ కూడా కావొచ్చు, మేం చీకటి గదిలో ట్రేల్లో చేతులు ముంచి పెరిగినోళ్ళం.

ఒంగోలు_గిత్త:

మీరంతా కలిసి నా ఎద్దుల్ని కొట్టంలోకి తోలేశారు గదా! కాయితాల ఫొటో బాగానే ఉంది, కాదనను, కానీ క్లబ్బు జడ్జిలు ఒక్కో ఫొటో అర నిమిషం చూస్తారు, ఆ అర నిమిషంలో చెంబు, గీత, పాస్ పుస్తకం అన్నీ ఎవురికి కనపడతాయి? ఎద్దు అయితే ఆఖరి వరసలోకి కూడా కనపడుద్ది. టైటిల్ అయినా ఏదన్నా గట్టిది పెట్టు, "కన్నీటి కాగితాలు" అట్టా.

నిమ్మతోట:

అయ్యో ఆ టైటిల్ వద్దు బాబూ, ఆమె ఏడవటం లేదు, పని చేసుకుంటుంది. క్యాప్షన్ లేదన్నాడు కాబట్టి టైటిలే క్యాప్షన్. "పెన్నా వరద తర్వాత, నెల్లూరు, నవంబర్ 2021", అంతే పెట్టు, జడ్జికి గోడ మీద గీత దానంతట అదే అర్థమవుతుంది.

పెన్నాగట్టు:

టైటిల్ అక్క చెప్పిందే ఖాయం. ఫొటో కూడా మూడోదే, అందులో డౌట్ లేదు. రాత్రి రెండు ఫ్రేములూ ఇంట్లో టీవీకి పెట్టి దూరంగా కూర్చొని చూసినా, ఒంగోలు అన్న చెప్పిన అర నిమిషం లెక్కన. తల వంచుకున్నదాంట్లో నాకు ముందు చెంబు కనపడింది, తర్వాత చెయ్యి, తర్వాత గీత. తలెత్తినదాంట్లో మొహం కాడే ఆగిపోయినా. చీకటిగది అన్న చెప్పినట్టు క్రాప్ చేసి పంపిస్తా, అక్కా ఏమనుకోవద్దు. పసుపు తగ్గిస్తే గీత నిజంగానే లేచింది, కాకపోతే నులకమంచం తాళ్ళు కూడా నల్లబడినయ్, అది పర్లేదా?

చీకటిగది:

పర్లేదు, కాయితాలు ఇంకా తెల్లగా తేలతాయి. మరీ బొగ్గులా అయితే పసుపు కొంచెం వెనక్కి తెచ్చుకో. నిలువు ఫొటో కదా, మీ క్లబ్ ప్రొజెక్టర్ 1920 బై 1080 అయితే ఎత్తు 1080 దాటకుండా సేవ్ చెయ్, కలర్ ప్రొఫైల్ ఎస్ఆర్‌జీబీలో పెట్టు, స్క్రీన్లకి మామూలుగా వాడే రంగుల లెక్క అది.