ఆగస్టులో పిల్లల లివర్ యూనిట్‌లో చేరుతున్నాను, ముందే ఏం తెలుసుకోవాలి?

కొత్తగా వస్తున్న డాక్టర్, కర్నూలు

అందరికీ నమస్కారమండీ. నేను ఎంబీబీఎస్, ఎండీ పీడియాట్రిక్స్ మన దగ్గరే చేశాను. బ్రిటన్‌లో పనిచేయడానికి రాసే ప్లాబ్ పరీక్ష అయిపోయింది, అక్కడి మెడికల్ కౌన్సిల్ జీఎంసీలో రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది. ఇంగ్లండ్‌లో ఒక పిల్లల లివర్ యూనిట్‌లో క్లినికల్ ఫెలోగా ఉద్యోగం ఇచ్చారు, ఆగస్టు మొదటి బుధవారం చేరాలి. ఇంట్లో స్వీట్లు పంచేశారు గానీ నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర లేదు. మేం చూసిన లివర్ కేసులంటే హెపటైటిస్ ఎ, డెంగీలో ఎంజైములు పెరగడం, ఎప్పుడో ఒక విల్సన్స్ (లివర్‌లో రాగి పేరుకుపోయే జబ్బు), అంతే. ట్రాన్స్‌ప్లాంట్ అయిన పిల్లని కళ్ళతో చూసింది ఒక్కసారే. పుస్తకం తెరిస్తే నిద్రొస్తోంది, మూస్తే టెన్షనొస్తోంది. చేరేలోపు ఏం చదవాలి, అక్కడికి వచ్చాక దేని దగ్గర జాగ్రత్తగా ఉండాలి, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

లివర్ యూనిట్‌లో రెండేళ్ళు చేసిన విజయవాడ వాడిని

ముందు ఆ పుస్తకం పక్కన పెట్టండి. ఇంగ్లండ్ మొత్తానికి పిల్లల లివర్ సెంటర్లు మూడే, లండన్‌లో కింగ్స్, బర్మింగ్‌హామ్, లీడ్స్. ఎక్కడో చిన్న ఊళ్ళో ఉన్న డాక్టరు సర్వీసు మొత్తంలో ఒక్కసారి చూసే జబ్బులు మీకు సోమవారం పొద్దున రౌండులోనే నాలుగు కనిపిస్తాయి. బిలియరీ అట్రీజియా (పసిబిడ్డలో పైత్యనాళాలు మూసుకుపోవడం), అలజీల్, పీఎఫ్‌ఐసీ, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం, మొదటి నెలంతా ఇవన్నీ బుర్రలో కలగాపులగం అవుతాయి. అవనివ్వండి. ఇవన్నీ మీకు వచ్చని అక్కడ ఎవరూ అనుకోరు. వాళ్ళు చూసేది ఒక్కటే, మీకు అనుమానం వచ్చినప్పుడు ఫోను ఎత్తుతారా లేదా అని.

మనతో వచ్చే చిక్కు అక్కడే. మన దగ్గర రాత్రి రెండింటికి సార్‌కి ఫోన్ చేయాలంటే పదిసార్లు ఆలోచిస్తాం, చేస్తే తిట్లు, చేయకపోతే పొద్దున ఇంకా పెద్ద తిట్లు. ఇక్కడ చేయకపోతేనే నేరం. నేను చేరిన కొత్తలో కన్సల్టెంట్‌ని, అంటే మన పెద్ద డాక్టర్ గారిని, పేరు పెట్టి పిలవడానికే నోరు పెగిలేది కాదు, ఇక నిద్ర లేపడం మాట చెప్పాలా. మూడో వారం ఒక రాత్రి కసాయ్ ఆపరేషన్ (పైత్యం పారేలా పేగుని లివర్‌కి కలిపేది) అయిన బాబుకి 38.4 సెల్సియస్ జ్వరం వచ్చింది. బాబు హుషారుగానే ఉన్నాడు, పొద్దున చూద్దాంలే అని రాసేయబోయాను. కసాయ్ అయిన పిల్లలకి జ్వరమంటే వేరే కారణం దొరికేదాకా కొలాంజైటిస్ (పైత్యనాళాల ఇన్ఫెక్షన్) కిందే లెక్క. బ్లడ్ కల్చర్ తీసి సెలైన్‌లో యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, పొద్దున దాకా ఆగకూడదు. నర్సు చెబితే ఫోన్ చేశాను. అవతల కన్సల్టెంట్ నిద్రగొంతుతోనే "థాంక్స్ ఫర్ కాలింగ్" అన్నారు. వెటకారమేమో అనుకున్నాను, కాదట.

సరే, పనికొచ్చే సంగతులు. మొదట యూనిట్లు మార్చుకోవడం అలవాటు చేసుకోండి. ఇక్కడ బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) మైక్రోమోల్స్‌లో చెప్తారు, మన 1 మిల్లీగ్రాము ఇక్కడ 17. షుగర్ మిల్లీమోల్స్‌లో, 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. నర్సు వచ్చి "షుగర్ 2.6" అంటే 47 అన్నమాట. లివర్ ఫెయిల్యూర్ పిల్లల్లో లివర్ గ్లూకోజు చేయలేదు కాబట్టి షుగర్ పడిపోతూ ఉంటుంది, అప్పుడు నిలబడి లెక్కలు వేసుకుంటే కుదరదు.

రెండోది ఐఎన్‌ఆర్, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె. మన దగ్గర ఐఎన్‌ఆర్ 3 కనబడగానే చేయి దానంతటదే ఎఫ్‌ఎఫ్‌పీ (ప్లాస్మా) రాసేస్తుంది. అక్యూట్ లివర్ ఫెయిల్యూర్‌లో అలా చేయకండి. విటమిన్ కె ఇచ్చినా తగ్గని ఐఎన్‌ఆర్ లివర్ ఎంత దెబ్బతిందో చెప్పే కొలబద్ద, ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో పెట్టాలా వద్దా అన్న నిర్ణయంలో దాని పాత్ర చాలా పెద్దది. రక్తం కారకుండానే ప్లాస్మా ఎక్కిస్తే ఆ అంకె బాగుపడినట్టు కనిపిస్తుంది, లివర్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. రక్తస్రావం అవుతుంటే సంగతి వేరు. ఏదైనా సరే అడిగి ఇవ్వండి.

టాక్రోలిమస్, అంటే కొత్త లివర్‌ని ఒళ్ళు తిప్పికొట్టకుండా (రిజెక్షన్ రాకుండా) ఇచ్చే మందు, దాని గురించి నా పరువు పోయిన కథ చెప్తాను. ట్రాన్స్‌ప్లాంట్ అయిన పాపకి రక్తంలో ఆ మందు లెవెల్ చాలా ఎక్కువ వచ్చింది, నేను గబగబా డోసు తగ్గించబోయాను. ఫార్మసిస్ట్ తాపీగా అడిగింది, రక్తం ఎన్ని గంటలకి తీశారూ అని. తొమ్మిదిన్నరకి. మందు ఇచ్చింది ఎనిమిదింటికి. ఆ లెవెల్ పొద్దున డోసు వేయకముందు తీయాలి, ముందు రాత్రి డోసుకి పన్నెండు గంటల తర్వాత. మందు వేశాక తీస్తే ఆ అంకెకి అర్థమే లేదు. ఆ రోజు నేను డోసు తగ్గించి ఉంటే రిజెక్షన్‌కి దారి తీసేదేమో. ఇంకోటి, ఈ మందు ఎప్పుడూ బ్రాండ్ పేరుతోనే రాయాలి, ఒక బ్రాండ్ బదులు ఇంకోటి ఇచ్చేస్తే రక్తంలో లెవెల్ మారిపోవచ్చు. క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ లాంటివి లెవెల్ పెంచేస్తాయి, రిఫాంపిసిన్ దించేస్తుంది. అదే వార్డులో దురద తగ్గడానికి కొందరు పిల్లలకి రిఫాంపిసిన్ ఇస్తుంటారు కాబట్టి ఎవరికి ఏది రాస్తున్నారో ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయండి.

అమ్మోనియా కోసం తీసిన రక్తం శాంపిల్ ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకి పంపించాలి, చేయి బిగించి కట్టి పిండి తీస్తే తప్పుడు అంకె వస్తుంది. ముందు ల్యాబుకి ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే వాళ్ళు పక్కన పెట్టేస్తారు, మళ్ళీ ఆ పిల్లనే పొడవాలి.

చివరికి డయపర్. నవ్వకండి. పసిబిడ్డకి కామెర్లు రెండు వారాలు దాటినా ఉంటే, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళయితే మూడు వారాలు దాటితే, కంజుగేటెడ్ బిలిరుబిన్ (లివర్ మార్చి పైత్యంలోకి పంపే రకం) విడిగా చేయించాలి, 25 మైక్రోమోల్స్ దాటిందంటే లివర్ వాళ్ళ సలహా తీసుకోవాల్సిందే. ఆ పరీక్ష రిజల్టు కంటే ముందే డయపర్ చెప్పేస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు మలం తడిపిన సుద్దముక్క నలిపి పూసినట్టుంది, పక్కనే మూత్రం మాత్రం చిక్కటి పసుపు. ఎవరో చెప్పింది విని "పేల్ స్టూల్స్" (పాలిపోయిన మలం) అని రాయకండి, మీరే విప్పి కిటికీ వెలుతురులో చూడండి, వార్డు ట్యూబులైట్ల కింద అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. బిలియరీ అట్రీజియా అయితే కసాయ్ ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, జపాన్ సర్జన్ పేరు మీద వచ్చిన ఆపరేషన్ అది. 1999 నుంచి ఇంగ్లండ్‌లో ఈ మూడు సెంటర్లలోనే చేస్తున్నారు. చేసినా అందరికీ కామెర్లు పోవు, పోయినవాళ్ళలో కూడా చాలామందికి తర్వాతెప్పుడో ట్రాన్స్‌ప్లాంట్ కావాల్సి వస్తుంది. కామెర్లున్న పసిబిడ్డ ఒంటి మీద నీలం మరకో, బొడ్డు నుంచి రక్తమో కనిపిస్తే విటమిన్ కె సంగతి ఆ క్షణమే చూడండి, అలాంటివాళ్ళకి మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

పిల్లల నర్సు, ఏలూరు నుంచి వచ్చి పదకొండేళ్ళు

పై డాక్టర్ గారు అన్నీ చెప్పారు, నర్సుల ఊసు మాత్రం అక్కడక్కడా తెచ్చి వదిలేశారు. డాక్టరమ్మా, రాత్రి డ్యూటీలో నర్సు వచ్చి "ఐ యామ్ నాట్ హ్యాపీ విత్ హిమ్" అంటే ఆమెకి కోపం వచ్చిందని కాదు. పిల్లాడు బాగోలేడు, లేచి రండి అని. అంకెలన్నీ బాగానే ఉన్నాయి కదా అని కూర్చోవద్దు.

తల్లిదండ్రులు అన్నా అంతే. 2021లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ళ పాప సైకిల్ మీంచి పడి ప్యాంక్రియాస్ దెబ్బతిని, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకడం) వచ్చి లండన్‌లో చనిపోయింది. ఆమెని చేర్చింది పిల్లల లివర్ వార్డులోనే. వాళ్ళమ్మ చెబుతూనే ఉంది. ముందే ఐసీయూకి మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. ఆ తర్వాతే మార్తాస్ రూల్ వచ్చింది, 2024 నుంచి ఆసుపత్రుల్లో పెడుతున్నారు. మా బిడ్డ పరిస్థితి దిగజారుతోంది, వేరే టీము వచ్చి చూడాలి అని ఇంట్లోవాళ్ళు అడగొచ్చు. వాళ్ళు అడిగారంటే మీ మీద ఫిర్యాదు అనుకోకండి, అలిగి కూర్చోకండి. మొదటి రోజే మీ ఆసుపత్రిలో అందుకు ఫోన్ చేసే నంబరు ఎక్కడ అంటించారో చూసుకోండి.

బిస్కెట్ డబ్బా తెచ్చి స్టాఫ్ రూములో పెట్టండి, మొదటి వారం చాలా పనులు అయిపోతాయి.

ఒక లివర్ బాబు అమ్మ

నేను డాక్టరుని కాదు, అయినా రాస్తున్నాను. మా వాడికి ఇప్పుడు ఆరేళ్ళు, నలభై ఏడో రోజున కసాయ్ అయింది, ఇప్పటిదాకా సొంత లివర్‌తోనే ఉన్నాడు. పుట్టినప్పుడు పసుపుగా ఉంటే ఊరి నుంచి అందరూ ఎండలో పడుకోబెట్టమనే చెప్పారు, మా అత్తగారు పసరు మందు పంపిస్తానన్నారు. పసిబిడ్డని చూడ్డానికి ఇంటికొచ్చిన హెల్త్ విజిటర్ నర్సు డయపర్ చూసి నన్ను కూర్చోబెట్టి అదే రోజు ఫోన్ చేసింది.

వార్డులో రోజూ ఎవరో ఒక డాక్టరు వచ్చి ఏదో చెప్పి వెళ్ళిపోయేవారు. ఒక ట్రెయినీ అమ్మాయి మాత్రం మంచం పక్కన గొంతు కూర్చుని "మీరు అడిగినదానికి నాకు జవాబు తెలీదు, కనుక్కుని నాలుగింటికి వస్తాను" అంది. నాలుగింటికి వచ్చింది. జవాబు ఇంకా దొరకలేదని చెప్పడానికే వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె ఏం చెప్పినా నమ్మాను.

ఇంకోటి, మన తెలుగు కుటుంబాలు మీ వార్డుకి వస్తే మిమ్మల్ని చూసి ఏడ్చేస్తారు, నేనూ ఏడ్చాను. పసరు మందు వేశారా అని అడిగేటప్పుడు తిట్టినట్టు అడగకండి, తిట్టినట్టుంటే లేదనే చెప్తాం.

విజయవాడ వాడిని, మళ్ళీ

అమ్మగారు చెప్పాక గుర్తొచ్చింది, ఇది రాయకపోతే తప్పు. తెలుగువాళ్ళు వచ్చినప్పుడు మీరే దుబాసీగా కూర్చోకండి. మామూలు పలకరింపు వేరు, "నిన్న నిద్ర పట్టిందా అమ్మా" వేరు. ట్రాన్స్‌ప్లాంట్ గురించి, సంతకాల గురించి మాట్లాడేటప్పుడు ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించండి. నేనొకసారి ఉత్సాహపడి నేనే చెప్పాను. కన్సల్టెంట్ నాలుగు మాటలంటే నేను రెండే చెప్పాను, ఆ తండ్రి మొహం చూశాక మిగతా రెండూ గొంతులోనే ఆగిపోయాయి. మంచి మనసుతో చేసిన పనే, కానీ ఆయనకి తెలియాల్సింది తెలియలేదు. మర్నాడు ఇంటర్‌ప్రెటర్‌తో మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాల్సి వచ్చింది.

ఉగాది ఫంక్షన్‌లోనూ వాట్సాప్ గ్రూపులోనూ వార్డు కథలు చెప్పకండి, పేరు లేకపోయినా సరే. ఊరు, పిల్ల వయసు, "లివర్" అన్న మాట, ఈ మూడూ చాలు మనవాళ్ళకి.

జీతం కాగితాల మనిషి, మాంచెస్టర్

నేను మెడిసిన్ వాడిని కాదండీ, మా ఆవిడ డాక్టర్, కాగితాల పనంతా నాదే. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు బీఎంఏలో (అక్కడి డాక్టర్ల సంఘం) చేరి వాళ్ళకి చూపించండి. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి సర్కారీ వైద్య సేవ) ఇచ్చే ఇండెమ్నిటీ, అంటే పరిహారం కేసుల భారం మోసే రక్షణ, మీ మీద జీఎంసీ విచారణ వస్తే పనికిరాదు, డాక్టర్ల తరఫున నిలబడే ఎండీయూ, ఎంపీఎస్ లాంటి సంస్థల్లో ఒకదానిలో విడిగా చేరండి. మొదటి నెల పేస్లిప్‌లో ఎమర్జెన్సీ ట్యాక్స్ కోడ్ పడి ఎక్కువ కోసేస్తే కంగారు పడొద్దు, కోడ్ సరిచేశాక తిరిగొస్తుంది. చేరింది నెల మొదట్లో అయినా పేరోల్ గడువు దాటితే జీతం తర్వాతి నెలకి పోవచ్చు, ఆరు వారాలకి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి. ఇంటి డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దె దాటి అడగకూడదు, అడిగితే ఆ ఇల్లు వదిలేయండి.

వారానికి సగటున 48 గంటలు అంటారు, రోటాలో (డ్యూటీ పట్టిక) చూస్తే ఒక వారం నరకం, ఇంకో వారం ఖాళీ. ఫెలో ఉద్యోగం మామూలుగా ట్రెయినింగ్ కింద లెక్కకి రాదు. ముందు ముందు స్పెషలిస్టు రిజిస్టర్ కోసం పోర్ట్‌ఫోలియో పాత్‌వే (ట్రెయినింగ్ పోస్టు లేకుండా అనుభవం రుజువులు చూపించి చేరే దారి) అనుకుంటే మొదటి రోజు నుంచే కేసులు, సంతకాలు దాచుకోండి. మా ఆవిడ మూడేళ్ళ తర్వాత వెతుక్కుంది, సంతకం పెట్టాల్సిన ఆయన అప్పటికే ఆస్ట్రేలియాలో ఉన్నాడు.

కొత్తగా వస్తున్న డాక్టర్, కర్నూలు

అందరికీ చాలా థాంక్సండీ. అమ్మగారి మెసేజ్ మూడుసార్లు చదివాను. బిలిరుబిన్, షుగర్ లెక్కలు ఒక కార్డు మీద రాసి ఐడీ వెనకాల పెట్టుకుంటాను. ఒక్క చిన్న సందేహం, సిగ్గేస్తోంది అడగడానికి. మొదటి మూడు నెలలు ఆసుపత్రి క్వార్టర్స్‌లోనే ఉంటాను, కుక్కర్ తెచ్చుకోవాలా?

పిల్లల నర్సు, ఏలూరు

తెచ్చుకో తల్లీ, ఇండక్షన్ మీద పనిచేసేది చూసి కొను, గ్యాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టుకో. తాలింపు వేసేటప్పుడు మాత్రం కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసేయి. ఎండు మిరపకాయ పొగకి అలారం మోగితే బిల్డింగ్ మొత్తం నైటీల్లో రోడ్డు మీద నిలబడాలి, మీ కన్సల్టెంట్ కూడా అందులోనే ఉండొచ్చు.